పాటలో లేని దగ్గు

ఆదివారం, మార్కాపురం

నాకిష్టమైన ఆ ఆస్ట్రేలియా గాయని తన మొదటి ఆల్బమ్ వంటింట్లోనే రికార్డు చేసిందట. ఒక పాట మధ్యలో వాళ్ళ నాన్న దగ్గు వినిపిస్తుంది. తర్వాత పెద్ద స్టూడియోలకు వెళ్ళినా, కంపెనీవాళ్ళు ఎంత చెప్పినా ఆ దగ్గు తీయనివ్వలేదట. పిచ్చిది అనుకున్నాను ఇన్నాళ్ళూ.

ఈ రోజు నేను ఫోనులో నా పాట రికార్డు చేస్తుంటే నాయన పలకలు కోసే మిషన్ ఆపి, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. పాట అయ్యేసరికి కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారుతున్నాయి.

"ఏంది నాయనా, దగ్గొస్తే అట్ల బిగబట్టుకుంటారా ఎవరన్నా?"

"పాట చెడిపోతాది గదమ్మా."

ఎన్నేళ్ళ పలకల దుమ్మో అది. ఆసుపత్రికి పోదామంటే వినడు.

పాట శుభ్రంగా వచ్చింది. ఇప్పుడే మళ్ళీ విన్నాను. నాయన అందులో ఎక్కడా లేడు.