మళ్లీ పెట్టించిన మచ్చలు

అమీర్‌పేట,
19 మార్చి 2006.

చిరంజీవి సౌభాగ్యవతి అరుణకు అమ్మ మనసారా ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ నేనూ, నీ కూతురు సంహితా క్షేమం. నా మోకాళ్లు మాత్రం క్షేమం కాదు. అవి ఎప్పుడూ కావు గనక వాటిని లెక్కలోకి తీసుకోవడం మానేశాను. భిలాయిలో నువ్వూ, చలపతిరావు గారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ఫోనుండగా ఈ ఉత్తరమేంటని అల్లుడుగారు నవ్వుతారు. నవ్వనీ. ఫోన్లో నేను అసలు మాటకి వచ్చేసరికి నువ్వు ఏడుస్తావు. నువ్వు ఏడవగానే ఆయన రిసీవర్ అందుకుని "అత్తయ్యగారూ, బావున్నారా?" అంటారు. బావున్నానని ఆయనకి చెప్పి పెట్టేస్తాను. ఉత్తరమైతే మధ్యలో ఎవరూ లాక్కోరు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. కంటి ఆపరేషన్ బాగానే అయింది. కొత్త కళ్లజోడు వచ్చి పదిరోజులైంది. అందాకా నీ ఉత్తరాలు సంహితే చదివి వినిపించింది. ఆ సంగతి గుర్తుపెట్టుకో, కింద పనిపడుతుంది. పంజాగుట్ట బ్యాంకుకి వెళ్తున్నానా అని అడిగావు. అక్కడ పైవంతెన కడుతున్నారు. అది పూర్తయ్యేసరికి కింద ట్రాఫిక్‌లో నిలబడ్డవాళ్లందరికీ నా వయసు వస్తుంది. అందుకని వెళ్లడం లేదు. సంహిత సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు అయిపోవచ్చింది. అదేం చదువని అడిగావు కదా, ఇంకొకళ్లు చేసిన పనిలో తప్పులు వెతకడమట. దానికి జీతాలిస్తారని తెలిసుంటే నేను అన్నేళ్లు బళ్లో జాగ్రఫీ చెప్పి ఉండేదాన్ని కాదు.

వైశాఖంలో మీ గృహప్రవేశానికి నేను తప్పకుండా వస్తాను. సంహిత సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం. పొయ్యి మీద ఏమైనా ఉంటే దింపి, వచ్చి కూర్చుని చదువు.

నువ్వు ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకున్న ఫోటోలో సంహిత మొహం మీద బొల్లి మచ్చలు లేవు. సంహిత మొహం మీద ఉన్నాయి. కనుబొమ్మ పక్కది, చెంప మీదది, పెదవి అంచున ఉన్నది, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి అరుణా. ఫోటోలో అవి పోయింది నువ్వు పంపిన లేపనం వల్ల కాదు, కంప్యూటర్ వల్ల.

ఇక్కడ కాసేపు ఆగు. నేనూ ఆగాను, లేచి వెళ్లి కాఫీ పెట్టుకుని వచ్చాను.

జరిగింది ఇది. ఇంటర్వ్యూలకి పాస్‌పోర్టు ఫోటోలు కావాలంటే సంక్రాంతి వెళ్లాక ఇద్దరం మన వీధి చివర రిజ్వాన్ స్టూడియోకి వెళ్లాం. ఈ చుట్టుపక్కల హాస్టళ్లలో పిల్లలందరి మొహాలూ అతని చేతిమీదుగానే కంపెనీలకి వెళ్తాయి. అతను కెమెరా సర్దుకుంటుంటే నేనేదో అన్నాను, అది పకపకా నవ్వింది, అతను సరిగ్గా అప్పుడే నొక్కాడు. "పాస్‌పోర్టుకు పనికి రాదు గని, మస్తొచ్చింది" అని మురిసిపోయి దాన్ని కార్డు సైజులో ఉత్తినే వేసిచ్చాడు. ఇచ్చేముందు అందరికీ చేసినట్టే చేశాడు. చర్మం బాగున్నచోటు నుంచి కాస్త తీసి బాగోలేనిచోట అద్దుతాడట. ఆపైన మొహమంతా ఒక పిసరు తెల్లబరుస్తాడట. మనం అడగక్కర్లేదు, ఇడ్లీతో చట్నీ వచ్చినట్టు దానంతటదే వస్తుంది.

సంహిత కవరు విప్పి చూసి నా చేతికిచ్చేసింది. "ఇవి చించెయ్ అమ్మమ్మా. వేరేచోట తీయించుకుంటా" అంది. పంజాగుట్టలో తీయించుకుంది. ఇప్పుడు ఇంటర్వ్యూలకి అవే పట్టుకెళ్తోంది.

శివరాత్రి వెళ్లాక నీ ఉత్తరం వచ్చింది. నేను నల్లద్దాలు పెట్టుకుని మంచం మీద కూర్చున్నాను. అది కుర్చీ లాక్కుని చదవడం మొదలుపెట్టింది. "ఆరేళ్లకి నా చిట్టితల్లి మొహం నాకు తిరిగొచ్చిందమ్మా. ఆ లేపనం పనిచేస్తుందని నేను చెబుతూనే ఉన్నాను. అమ్మవారికి మొక్కు తీర్చేశాను. ఫోటో పెద్దది చేయించి హాల్లో పెట్టాం, వచ్చినవాళ్లందరికీ చూపిస్తున్నాను. అది అలా నవ్వి ఎన్నాళ్లయిందో! పంపినందుకు నా బంగారుకొండకి ముద్దులు..." గొంతు ఎక్కడా తడబడలేదు. మీ పక్క క్వార్టర్స్ వాళ్ల కబుర్లతో సహా చివరి సంతకం దాకా చదివి, మడిచి, కవర్లో పెట్టింది.

"గృహప్రవేశానికి నువ్వెళ్లు అమ్మమ్మా. నేను రాను."

"ఏం?"

"అందరికీ చూపించుకోడానికి అక్కడ ఆల్రెడీ ఒక సంహిత ఉందిగా. నేను కూడా వెళ్లి నిలబడితే అమ్మ వాళ్లకేమని చెప్పుకుంటుంది?"

కోపంతో అని ఉంటే నేనూ నాలుగు తిట్టేదాన్ని. నీమీద జాలితో అంది.

తర్వాత దాని ఊసెత్తలేదు. కిందటి వారం క్లాసు నుంచి వస్తూనే చెప్పులు విప్పకుండా గుమ్మంలో నిలబడి, "అమ్మమ్మా, రిజ్వాన్ భాయ్ దగ్గరికి పోదాం రా" అంది. మోకాళ్లని అడక్కుండా వెళ్లాను.

"భాయ్, నా మచ్చలు నాకు కావాలి" అంది.

"ఏం మచ్చలు బేటీ? ఒక్కటి సుత ఉంచలె నేను" అన్నాడు గర్వంగా.

"అదే. మళ్లీ పెట్టాలి."

అతను నావైపు తిరిగాడు. "అమ్మా, పిల్లకు పానం మంచిగ లేదా?"

"దాని ప్రాణం బాగానే ఉంది. నువ్వు దిద్దకముందున్న ఆ ఫోటో బయటికి తియ్యి."

పాతది లేదట. "దాని మీదనే సేవ్ కొట్టిన అమ్మా. కెమెరల కార్డు సుత సాఫ్ చేసిన, షాదీ ఉండె. ఫికర్ ఎందుకు? కొత్తది తీస్త. ఏం ముట్టుకోను, కసమ్!"

తీశాడు. ఒకటి కాదు, నాలుగైదు తీశాడు. నవ్వమంటే ఇది పళ్ల డాక్టరుకి చూపించినట్టు పళ్లు చూపించింది. నేను నోరు విప్పబోతే "నువ్వు ట్రై చెయ్యకు అమ్మమ్మా, ప్లీజ్" అంది. చివరికి లేచి వెళ్లి అతని పక్కన స్టూలు మీద కూర్చుంది.

"కొత్తది వద్దు భాయ్. మా అమ్మకి ఆ నవ్వు నచ్చింది. అది నిజంగా నాదే. అది తీసేసి వేరేది పంపితే నవ్వు కూడా నువ్వే పెట్టావనుకుంటుంది. నవ్వు అలాగే ఉంచి, దాని మీద నా చర్మం పెట్టు."

వెనక బెంచీ మీద పెళ్లిచూపుల ఫోటో కోసం కోటు వేసుకుని కూర్చున్న ఒకాయన ఇదంతా వింటున్నాడు. "భాయ్, ఆమెకు పెట్టే తెలుపు జర నాకు సుత పెట్టు" అన్నాడు. నేను కళ్లజోడు సర్దుకునేలోపు సంహితే వెనక్కి తిరిగింది. "ఇస్తాలెండి. కానీ ఎక్కడొస్తుందో మన చేతిలో ఉండదు" అంది. ఆయన కోటు గుండీలు లెక్కపెట్టుకుంటూ కూర్చుండిపోయాడు. నీ కూతురు నోరు లేనిదని నువ్వు బెంగపడుతూ రాస్తుంటావు. బెంగ అక్కర్లేదు. ఆ నోరు మన ఇంటిదే.

ఇక పని మొదలైంది. ఇప్పుడు తీసిన ఫోటోల్లోంచి మచ్చలు తెచ్చి ఆ నవ్వే మొహం మీద అద్దాలి. రిజ్వాన్ చెయ్యి అతని మాట వినలేదు. మచ్చ పెట్టినవాడు పెట్టినట్టే అంచులు నున్నగా చేసేసేవాడు. "ఆదత్ అమ్మా, ఆదత్!" అని తన అలవాటుని తిట్టుకుంటూ నాలుక కరుచుకునేవాడు. చెంప మీద రూపాయి బిళ్లలాగా గుండ్రంగా పెట్టాడు. "మ్యాపులో తీరరేఖ ఎక్కడైనా అలా ఉంటుందటయ్యా?" అన్నాను. సంహిత చేతి అద్దం తీసుకుని దగ్గరికి జరిగింది. "నవ్వితే ఇది పైకి వెళ్తుంది భాయ్. కొంచెం సాగుతుంది కూడా. చూడు" అని నవ్వి చూపించింది. అతను చూశాడు. మళ్లీ నవ్వింది, మళ్లీ చూశాడు. పైకి జరిపాడు.

అప్పుడు అతను స్క్రీన్ మీద నుంచి కళ్లు తిప్పకుండా నన్నడిగాడు. "అమ్మా, కన్ను దగ్గరిది రెప్ప దాక ఉంటదా, ముందే ఆగుతదా?"

నాకు తెలియలేదు.

ఏడాదిగా పొద్దునా సాయంత్రమూ ఎదురుగా కూర్చుని అన్నం పెడుతున్నాను. తెలియలేదు అరుణా. దానితో మాట్లాడేటప్పుడు నేను ముక్కుపుడక వైపు చూస్తానట. అక్కడే చెప్పింది, ఏమీ నిష్ఠూరంగా కాదు, నాకు కాఫీలో చక్కెర వద్దని చెప్పినట్టు చెప్పింది. నేను అది మర్యాద అనుకున్నాను. నువ్వేమో అది ఇంటికి రాగానే ముందు కనుబొమ్మ పక్కకి చూస్తావు, తర్వాత చెంపకి, తర్వాత పెదవికి. పెరిగాయా, తగ్గాయా అని. ఆరేళ్లు ఎండలో కూర్చోబెట్టి, లేపనాలు రాసి, ఉపవాసాలు చేసి అలసిపోయిన కళ్లు నీవి. వాటికి ఇంకేం కనబడుతుంది? నిన్ను తప్పుపట్టడం లేదు. నువ్వు మచ్చలే చూశావు, నేను మచ్చలు తప్ప అన్నీ చూశాను. ఆ పిల్ల మొహం మన ఇద్దరి మధ్యా ఎటూ కాకుండా ఉండిపోయింది.

లేచి వెళ్లి దాని గడ్డం పట్టుకుని వెలుతురులోకి తిప్పి చూశాను. "రెప్ప దాకా వెళ్తుంది. రెప్ప మీద రెండు వెంట్రుకలు కూడా తెల్లబడ్డాయి. అవీ పెట్టు" అన్నాను. సంహిత మొహం వెనక్కి తీసుకోలేదు.

తిరిగొచ్చేటప్పుడు నా మోకాళ్ల కోసం ఆటో ఎక్కాం. అప్పుడడిగింది. "ఆ మచ్చల్లేని ఫోటో అమ్మకెలా వెళ్లింది?"

ఫోటో సంహితే పంపిందనుకుని నువ్వు ముద్దులు పంపావు. అది కాదు, పంపింది నేను. చించమని నా చేతిలో పెడితే చించినట్టే చెప్పి, నీకు రాసిన ఉత్తరంలో మడిచి పెట్టాను. నువ్వు మందు పనిచేసిందనుకుంటావని నాకు తట్టకపోలేదు. తట్టింది. అయినా పెట్టాను. ఆరేళ్లుగా నీ ప్రతి ఉత్తరంలోనూ చివరి పేరా ఆ మందుల గురించే. ఒక్కసారైనా ఆ పేరా లేని ఉత్తరం నీ దగ్గర్నుంచి రావాలనిపించింది. వచ్చింది. దాన్ని నాకు చదివి వినిపించాల్సి వచ్చింది మాత్రం ఆ పిల్లకి.

ఆటోలో దానికీ ఇదే చెప్పాను.

"నువ్వేనని నాకు తెలుసులే. ఇంట్లో ఇంకెవరున్నారు, పనిచేసే పోచమ్మా?" అంది. ఆటో దిగుతూ, "ఈసారి చించమంటే చించు" అంది. సరేనన్నాను. నన్ను అంతకంటే శిక్షించదలచుకోలేదు.

కొత్త ఫోటో ఇందులో పెడుతున్నాను. ఇది నా అంతట నేనుగా పెట్టడం లేదు. కవరు అంటించేముందు సంహితే నా చేతికిచ్చి, "ఇది పంపు" అంది. తొందరపడకుండా చూడు. ఏడుపొస్తే ఏడువు, అల్లుడుగారిని పక్కన కూర్చోమను. మొక్కు తీర్చినందుకు బాధపడకు, అమ్మవారేమీ తిరిగి అడగదు. రెండిట్లో ఏది గోడ మీద ఉండాలో నేను చెప్పను. గోడ నీది.

దాని ప్రయాణం సంగతి మాత్రం తేలలేదు. కొత్త ఫోటో చేతికొచ్చాక కూడా వస్తానని అనలేదు, రానని మళ్లీ అనలేదు. టికెట్ తియ్యమంటావా అని నేను అడగను. నేను పిలిస్తే వచ్చేది కాదు. అది ఎదురుచూసేది నీ పిలుపు కోసం. లేపనం మాట ఎత్తకు. "ఎప్పుడొస్తున్నావే?" అని అడుగు, చాలు.

సాయంత్రం ఏడింటికల్లా అది ఇంట్లో ఉంటుంది. ఆ వేళకి నేను వంటింట్లో ఉంటాను. ఫోన్ ఎంతసేపు మోగినా నేను ఎత్తను.

ఇట్లు,
కోపం వచ్చినా మార్చుకోవడానికి వీల్లేని
నీ ఒక్కగానొక్క అమ్మ.