ఖాళీ చిప్

మార్చి 4

కదిలింది. వోల్టేజీ పెంచుతుంటే స్క్రీన్ మీద గీతలోని పల్లం మెల్లగా పక్కకి జరిగింది. యాంటెనా పట్టే ఫ్రీక్వెన్సీ ఆ పల్లం దగ్గరే ఉంటుంది. రెండేళ్ళుగా దీని కోసమే పడిగాపులు. మామూలు యాంటెనా ఒక్క ఫ్రీక్వెన్సీనే పట్టుకుని కూర్చుంటుంది, ఇంకోటి కావాలంటే ఇంకో యాంటెనా చేసుకోవాలి. నాది చిప్ మీద చిన్న లోహపు బిళ్ళ, దాని అంచున గ్రాఫీన్ అనే పల్చటి కార్బన్ పొర. వోల్టేజీ మారిస్తే చాలు, ఫ్రీక్వెన్సీ మారుతుంది. గైడ్ మేడమ్ పేపర్ రాసేయమన్నారు. కాన్ఫరెన్స్ గడువు పదిహేనో తారీఖు.

ఎంత కదిలిందని ఇంట్లో అత్తయ్య అడిగారు. జానెడు అన్నాను. గొప్పలు నాకూ వచ్చు.

మార్చి 6

మందుల షాపాయన కంగ్రాట్స్ చెప్పాడు. అత్తయ్య వీధంతా చాటింపు వేసేశారు. జానెడు కాస్తా మూరెడైంది. సిగ్గేసింది, బాగానూ అనిపించింది.

మార్చి 9

ల్యాబ్‌లో కొత్తగా చేరిన అమ్మాయిని డౌటమ్మ అంటాం. దేన్నీ ఊరికే వదలదు. ఇవాళ నా గ్రాఫులు చూసి, గ్రాఫీన్ లేని చిప్‌ని కూడా కొలిచావా అక్కా అంది. అందులో కదలడానికి ఏముంటుందని కసిరాను. సరేలే అక్కా అని వెళ్ళిపోయింది. ఆ సరేలే ఇంటిదాకా వచ్చింది. అన్నం కూడా సరిగా తినలేదు.

మార్చి 10

ఖాళీ చిప్ కొలవక్కర్లేదు.

మార్చి 11, ఉదయం 10

కొలిచాను. అదీ కదిలింది. అంతే కదిలింది.

సాయంత్రం

అంతా చిప్ అడుగునున్న సిలికాన్ పలక పని. వోల్టేజీ తగిలితే సిలికాన్ గుణం మారుతుంది, దాంతోపాటు ఫ్రీక్వెన్సీ జరుగుతుంది. గ్రాఫీన్‌ది పేరు మాత్రమే. నాకు తెలియని సంగతేం కాదు. కదిలిందన్న సంబరంలో ఎవరు కదిలిస్తున్నారో చూసుకోలేదు.

ఖాళీ చిప్ కొలిచినట్టు ఎవరికీ తెలీదు. డ్రాయర్లో పడేస్తే పేపర్ వెళ్ళిపోతుంది. ఒక టీ తాగినంతసేపు ఆ ఆలోచన చేశాను. తర్వాత వెళ్ళి మేడమ్‌కి చెప్పేశాను. ఆవిడ గ్రాఫు చూసి తిరిగి నా చేతికిచ్చారు.

"ఈసారి పంపొద్దు. సిలికాన్ బదులు క్వార్ట్జ్ మీద మళ్ళీ చెయ్యి, అది వోల్టేజీకి మారదు."

తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

మార్చి 12

మా ఆయన డ్రైవింగ్ నేర్పుతారు. విషయం విని ఒకటే నవ్వు. తన పక్కన కూర్చున్న ప్రతివాడూ కారు తానే ఆపాననుకుంటాడట, అసలు బ్రేకు ఈయన కాలి కింద ఉంటుందట. నాకూ నవ్వొచ్చింది. అత్తయ్య మాత్రం నవ్వలేదు. షాపాయనకి ఏం చెప్పాలో ఆలోచిస్తున్నారు.

ఏప్రిల్ 2

గ్రాఫీన్ నీళ్ళమీద తేలుతుంటే క్వార్ట్జ్ ముక్కతో కిందనుంచి ఎత్తాలి. ఒక్క పరమాణువు మందం. నా చేతిలో అన్నీ చిరిగాయి. చివరిదాన్ని డౌటమ్మ ఊపిరి బిగబట్టి ఎత్తింది. చిరగలేదు. థాంక్స్ చెప్పాను. ఎందుకక్కా అంది. ఆ రోజు కసిరినందుకు సారీ కూడా చెప్పాను. అప్పుడు మాత్రం ఏమీ అడగలేదు.

ఏప్రిల్ 9

ముందు ఖాళీదే కొలిచాను. వోల్టేజీ చివరిదాకా పెంచాను. కదల్లేదు. ఒక గీత కదలనందుకు ఇంత సంతోషపడతానని అనుకోలేదు.

గ్రాఫీన్ చిప్ పెట్టాను.

కదిలింది. కొంచెమే. కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదటినుంచి కొలిచాను.