నువ్వు బిగించిన ప్లగ్గు

తమ్ముడూ,

నువ్వు ప్రభువు దగ్గరికి వెళ్లి నిన్నటికి ఏడాది. నువ్వు నాకొదిలిన స్కూటర్ రెండ్రోజులుగా మొరాయిస్తుంటే నిన్న చిలకలగూడ మెకానిక్ యాదగిరికి చూపించాను. పాత స్పార్క్ ప్లగ్గు తియ్యబోతే పైభాగం విరిగి, మరలున్న ముక్క ఇంజన్‌లోనే ఉండిపోయింది.

"గిది రాకుంటే బండి తుక్కుకే అక్కా. గింత గట్టిగ ఎవరు బిగించిండ్రు, పైల్వానా?" అన్నాడు.

"మా తమ్ముడు," అన్నాను.

ప్లగ్గు వదులై బండి దారిలో ఆగిపోయి, ఆరాధనకు ఆలస్యమైందని ఒకసారి నీ మీద సణిగాను, గుర్తుందా? ఆ సాయంత్రమే స్పానర్‌కి ఇనప గొట్టం తొడిగి మరీ బిగించావు. "ఇంక ఆగదులే అక్కా" అన్నావు.

యాదగిరి నూనె చుక్కలు వేసి, కాస్త వేడిచేసి, ముందుకీ వెనక్కీ మెల్లగా తిప్పుతూ కూర్చున్నాడు. నేను పక్కన స్టూలు మీద ప్రార్థన చేసుకున్నాను. గంటకు ముక్క బయటికొచ్చింది. ఇంజన్ మరలు చెడలేదు.

"నీ దేవుడు విన్నడక్కా," అని నవ్వాడు.

ఈ ఉదయం చర్చిలో, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పమంటే లేచి నిలబడ్డాను. ఏడాదిలో ఒక్క ఆదివారం కూడా ఆలస్యం కాలేదని స్తోత్రం చెల్లించాను. ఎవరి వల్లో అక్కడ చెప్పలేకపోయాను. నీకు చెబుతున్నాను.

అక్క