అజాన్ వేళ నిలబడిన కుందూ పులి

నంద్యాల,
ఆదివారం.

నా ముబ్బూకి,

సలాం. ఈసారి మూతి ముడుచుకునే పెడుతున్నాను, తెలుసుకో.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వుతావు. ఫోన్‌లో అడిగితే నువ్వు నవ్వి మాట మార్చేస్తావు. నేనూ నవ్వేసి పెట్టేస్తాను, ఆ తర్వాత వంటింట్లోకి వెళ్ళి ఏడుస్తాను. కాగితం మీదైతే మాట మార్చడానికి వీలుండదు. అబ్బా దుప్పట్ల మూట వేసుకుని ఆళ్లగడ్డ సంతకు వస్తున్నాడు. ఆయన చేతికే ఇది ఇచ్చి, నీకు తప్ప ఎవరికీ ఇవ్వొద్దని చెప్పాను.

నీ నిఖా అయి నువ్వు ఆళ్లగడ్డ వెళ్ళినప్పటి నుంచి మనిద్దరం తీరిగ్గా మాట్లాడుకునే చోటు కంప్యూటర్‌లో మన కోట ఆట ఒక్కటే. మిగతావాళ్ళంతా అవతలి జట్టు కోట మీదికి పరిగెత్తుతుంటే, మనిద్దరం వెనక బావి దగ్గర కాపలా కాస్తూ హెడ్‌ఫోన్లలో లోకం కబుర్లన్నీ చెప్పుకునేవాళ్ళం. నేను పాఠాలు చెప్పే బడిలో కంప్యూటర్ ల్యాబుకు తాళంచెవి దొరకని రోజు సంగతి నేను చెబితే, మీ ఇంట్లో కూరలో ఉప్పు రెండుసార్లు పడిన సంగతి నువ్వు చెప్పేదానివి. ఆ మధ్యలో మన కోట ఎన్నిసార్లు పోయిందో! జట్టువాళ్ళు తిట్టినా మనకు పట్టేది కాదు.

ఆటకు కొత్త వర్షన్ రాగానే నా పాత లాప్‌టాప్ చేతులెత్తేసింది. మనిషి అడుగు తీసి అడుగు వేసేలోపు నేను టీ తాగి రావచ్చు. ఆ సంగతి చెబితే నువ్వేమన్నావు? "పోనీలేవే, నాకూ తీరిక లేదు. నేను కూడా ఆట మానేసినాను" అన్నావు. నేను నమ్మాను. పాపం, అత్తగారింట్లో పని ఎక్కువైందేమో అనుకున్నాను కూడా.

మొన్నొక రోజు ఊరికే ఫోన్‌లో ఆట పేజీ తెరిచాను. 'కుందూ పులి ఆడుతోంది' అని పచ్చ చుక్క. మరుసటి రోజు కూడా పచ్చ చుక్కే. రోజూ సాయంత్రం, ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళ జట్టులో. ఆ పేరు నీకు పెట్టింది నేను, ముబ్బూ. నాతో ఆడడానికి లేని తీరిక వాళ్ళతో ఆడడానికి ఎక్కడి నుంచి వచ్చింది? నా మనసు చాలా నొచ్చుకుంది. నువ్వు నన్ను వదిలించుకున్నావని అనిపించింది. ఇంకా అలాగే అనిపిస్తోంది.

అయితే ఏడుస్తూ కూర్చునేదాన్ని కాదు కదా నేను. ఆటలోకి మళ్ళీ వచ్చి నా కళ్ళతో నేనే చూడాలని నిర్ణయించుకున్నాను. కొత్త లాప్‌టాప్ మాట ఇంట్లో ఎత్తేటట్టు లేదు. అందుకని ఉన్న లాప్‌టాప్‌కే డెస్క్‌టాప్ గ్రాఫిక్స్ కార్డును బయటి నుంచి తగిలించే పని పెట్టుకున్నాను. లాప్‌టాప్ అడుగు మూత విప్పితే అదనపు స్టోరేజీ పెట్టుకోవడానికి ఖాళీ స్లాట్ ఒకటి ఉంటుంది. అందులో చిన్న పట్టీ లాంటి అడాప్టర్ దూర్చి, దాని కేబుల్‌ను బయటికి లాగి, ఆ కొసకు కార్డు తగిలించాలి. కార్డు తినే కరెంటు లాప్‌టాప్ ఇవ్వలేదు కాబట్టి దానికి విడిగా పవర్ సప్లై పెట్టాలి.

కార్డు ఎక్కడిదో చెప్తే ఎగిరి గంతేస్తావు. మనం బడికి పోయే దారిలో నెట్ సెంటర్ ఉండేది గుర్తుందా? లోపల మగపిల్లలు కేకలు పెడుతూ ఆడుతుంటే, ఆడపిల్లలు అటు చూడకూడదని మనల్ని గబగబా నడిపించేవాళ్ళు. అది మూతబడినప్పుడు సామానంతా బాబ్జాన్ మామూ రిపేరు షాపుకు చేరింది. మామూ నాకు ఏది అడిగినా కాదనడు కదా. వాటిలో మంచి కార్డు ఒకటి, పవర్ సప్లై ఒకటి, పాత మానిటర్ ఒకటి తీసి ఇచ్చాడు. ఆ సెంటర్ గడప మనం తొక్కలేదు గానీ, దాని గుండెకాయ ఇప్పుడు నా మంచం పక్కన కొట్టుకుంటోంది.

అంతా బిగించాక మామూ వచ్చి చూసి, "ఏందే ఇది, కడుపు కోసి పేగులు బయటేసినట్టుండాది" అన్నాడు. నిజమే. కేబుల్ బయటికి వచ్చేసరికి మూత పట్టలేదు. లాప్‌టాప్‌ను రెండు టిఫిన్ డబ్బాల మీద ఎత్తి పెట్టాను. మొదటి రోజు మానిటర్ వైరు లాప్‌టాప్‌కు పెట్టి, ఇంత కష్టపడినా ఏమీ మారలేదని తల పట్టుకున్నాను. వైరు పీకి కార్డుకే పెట్టేసరికి ఆటలో చెట్ల ఆకులు కూడా విడివిడిగా కనిపించాయి. సంతోషం పట్టలేక అరిచాను. అమ్మీ పాము వచ్చిందేమోనని కర్ర తీసుకుని పరిగెత్తుకొచ్చింది.

కానీ ఆ సంతోషం నిలవడం లేదు. బడి నుంచి వచ్చి ఆట మొదలుపెట్టిన కాసేపటికి మానిటర్ నల్లబడుతుంది, లాప్‌టాప్ బిగుసుకుపోతుంది. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, కాబట్టి కరెంటు పోవడం కాదు. నేను కేబుళ్ళు పీకి, పెట్టి, కిందా మీదా పడేలోపు కార్డు మీది ఫ్యాను దానంతటదే మళ్ళీ తిరగడం మొదలుపెడుతుంది. మామూ పొద్దున వచ్చి చూస్తే ఏ రోగమూ లేదు. కేబుల్ మార్చాడు, పవర్ సప్లై మార్చాడు. సాయంత్రానికి మళ్ళీ అదే కథ.

దాని పని పడతాను. ఆ తర్వాత నీ పని. ఏ పేరుతో వస్తానో చెప్పను.

నీ మీద అలిగిన,
హుమేరా.

●

నంద్యాల,
బుధవారం.

ముబ్బూ,

సలాం. పది రోజులైనా జవాబు రాయలేదు నువ్వు. అబ్బాను గుచ్చి గుచ్చి అడిగితే, "ఆ పిల్ల మొగం పీక్కపోయింది. చీటీ తీసుకుని లోపలికి పోయింది, అంతే" అన్నాడు. తప్పు చేసినవాళ్ళ మొహం పీక్కుపోకుండా ఎలా ఉంటుందని ఆ రోజు కసిగా అనుకున్నాను. ఇప్పుడు అంత ధైర్యంగా అనుకోలేకపోతున్నాను. ఎందుకో మొదటి నుంచి చెప్తాను విను.

ముందు నా మిషను రోగం కుదిరింది. నా గదిలో ఉన్నది చిన్న ప్లగ్గు కాబట్టి పవర్ సప్లైకి హాల్లోంచి వైరు లాగాను. ఆ రోజు తలనొప్పిగా ఉండి హెడ్‌ఫోన్లు పెట్టుకోలేదు. సాయంత్రం అసర్ నమాజుకు అజాన్ మొదలైంది. మానిటర్ నల్లబడింది. హాల్లోకి పరిగెత్తితే అమ్మీ ముసుగు సవరించుకుంటూ, స్విచ్ మీద వేలు పెట్టుకుని నిలబడి ఉంది. అజాన్ వినబడితే మా ఇంట్లో టీవీ ఆపుతారని నీకు తెలుసు కదా. నా గదిలో పెద్ద తెర వెలుగుతోంది కాబట్టి అది కూడా టీవీయే అనుకుంది మా తల్లి!

"అజాన్ ఇస్తాంటే టీవీ నడుపుతాండావేందే? నీకు చెవుల్లో అవి పెట్టుకుంటే వినపడదు. అందుకే నేనే ఆపి మళ్లా యేస్తాండా" అంది. పైగా రోజూ నన్ను లేపకుండా, తిట్టకుండా ఎంత ఓపిగ్గా చేస్తోందో చూడమంది. లాప్‌టాప్ బ్యాటరీ మీద బతికే ఉంటుంది, కార్డు మాత్రం ఊపిరి ఆగి చస్తుంది, ఇంక అది బిగుసుకుపోక ఏమవుతుంది? బాబ్జాన్ మామూకు చెబితే షాపులో కూర్చుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. అమ్మీతో ఒప్పందం చేసుకున్నాను. అజాన్ వేళకు నేనే హెడ్‌ఫోన్లు తీసి చేతులు ఒళ్ళో పెట్టుకుంటాను, ఆమె స్విచ్ ముట్టుకోదు.

మరుసటి రోజు నల్లమల నక్క అని పేరు పెట్టుకుని నీకు ఎదురు జట్టులో దిగాను. నీకోసం వెతికాను. మా అజాన్ అయింది, చేతులు మళ్ళీ మౌస్ మీద పెట్టాను. చూస్తే కుందూ పులి మన బావి దగ్గర నిలబడి ఉంది. దాక్కోలేదు, కదలలేదు, చెట్టులా నిలబడింది. నాకు కోపం ముంచుకొచ్చి కాల్చేశాను. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. మొదటి రోజు భలే సంతోషమేసింది. మూడో రోజు కాల్చగానే ఆట మూసేశాను.

ఎందుకంటే అది నువ్వు కావు. మీ మసీదులో అజాన్ మాకంటే కాస్త ఆలస్యమవుతుందని నువ్వే చెప్పేదానివి. ఆ పులి నిలబడేది అజాన్ కోసమే. నువ్వు సౌండు తగ్గించేదానివి గానీ ఆట ఆపిన పాపాన పోలేదు. పైగా నువ్వు ముందూ వెనకా చూడకుండా ఎగబడే రకం. ఈ పులి గోడ చాటున పిల్లిలా కాచుకుని కూర్చుంటుంది, ఒక్క దెబ్బ వృథా చేయదు. మీ ఆయన పెళ్ళి వీడియోల పనిలో సాయంత్రాలు ఇంట్లో ఉండడు. మరి నీ జాగాలో ఎవరు కూర్చున్నారు? నువ్వెక్కడున్నావు? నీ మొహం ఎందుకు పీక్కుపోయింది?

ఇంతసేపూ నువ్వు నన్ను వదిలేశావని ఏడ్చాను. ఇప్పుడు నీకేమైందోనని భయమేస్తోంది. నేను నీకు ఇంకా ఏమైనా అవుతానా, ముబ్బూ? అవుతానంటే నిజం రాయి. కాకపోయినా రాయి.

నీ,
హుమేరా.

●

ఆళ్లగడ్డ,
శనివారం.

నా పిచ్చి హుమ్మూకి,

వాలేకుం సలాం. నాకేమీ కాలేదు, ముందు ఆ భయం మానుకో. నీ మొదటి ఉత్తరానికి ఎందుకు జవాబు రాయలేదంటే, ఫోన్‌లో ఆడిన అబద్ధం కాగితం మీద ఆడలేకపోయాను. నిజం చెప్పడానికి ఈ రోజు దాకా అనుమతి లేదు.

నువ్వు కాల్చింది మా అత్తమ్మను. రహీమున్నీసా గారిని. వీధిలో పిల్లలందరికీ ఖురాన్ చదివించే మనిషిని నువ్వు బావి పక్కన నిలబెట్టి మూడు రోజులు వరసగా కాల్చావు.

నల్లమల నక్క అని చూడగానే అది నువ్వేనని నాకు తెలిసింది. నోరు మూసుకుని నవ్వుకున్నాను. అత్తమ్మ మాత్రం ఇల్లంతా తిరుగుతూ ఆ నక్కకు శాపనార్థాలు పెట్టింది. "నిలబడిన మనిషిని కాలుస్తారా యాడన్నా? ఏ తల్లి కన్నదో!" అని. కాసేపు పక్కకు జరిగి నిలబడొచ్చు కదా అంటే ఒప్పుకోలేదు. "చంపితే చంపనీలే. అల్లా పేరు వినపడతాంటే తుపాకి పట్టుకుని ఉరుకుతామా?" అంది. నీ రెండో ఉత్తరం ఆమెకు చదివి వినిపించాను. మీ అమ్మీ స్విచ్ ఆపే చోటికి వచ్చేసరికి ఒళ్ళో ఉన్న చిక్కుడుకాయలన్నీ కింద పోసేసి నవ్వింది. "మీ అమ్మీది సరైన పనే, మిషనుదే తప్పు" అని తీర్పు కూడా ఇచ్చింది.

ఇక అసలు సంగతి. నీ లాప్‌టాప్ మొరాయించిన రోజుల్లోనే నాకు తెర చూస్తే తల తిరగడం మొదలైంది. ఆటలో మనిషి అటు తిరిగితే ఇక్కడ నాకు వాంతి. తిన్నది నిలవదు, మొహం పీక్కుపోక ఏమవుతుంది? అవునే, నువ్వు అనుకుంటున్నదే. మా ఇంట్లో మూడు నెలలు నిండేదాకా ఆ మాట బయట పెట్టకూడదు. నీతో మాట్లాడితే నా నోరు ఆగదు. అందుకే తీరిక లేదని, ఆట మానేశానని చెప్పి తప్పించుకున్నాను. నీకు అంత నొప్పి కలుగుతుందని ఊహించలేదు. నన్ను మన్నించు.

ఆట కొన్నాళ్ళు ముట్టుకోకపోతే మన ర్యాంకు కిందికి దిగిపోతుంది కదా. అది తలుచుకుని ఒకరోజు కళ్ళనీళ్ళు పెట్టుకుంటే అత్తమ్మ చూసింది. సంగతి అడిగి, "ఆ పిల్ల తిరిగొస్తే నీ జాగా ఉండద్దా? నాకు నేర్పించు, నువ్వు లేచేదాకా నేను కూచుంటా" అంది. అలా కూర్చుంది. మౌస్ పట్టుకోవడం నేర్పడానికే నా తల ప్రాణం తోకకు వచ్చింది. ఇప్పుడు లేవమన్నా లేవడం లేదు! వీధిలో ఎవరికీ చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకుంది. నీకు మాత్రం చెప్పవచ్చని మినహాయింపు దొరికింది, ఎలాగూ కాల్చేశావు కాబట్టి.

నేనూ ఒక మాట మనసులో పెట్టుకున్నాను, అది కూడా చెప్పేస్తాను. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బస్సెక్కితే ఎంతసేపు? నన్ను చూడడానికి లాప్‌టాప్ కడుపు కోశావు, కార్డు తెచ్చావు, మామూ ప్రాణం తీశావు. నా నిఖా అయిన దగ్గర నుంచి ఒక్కసారి మా ఇంటికి రాలేదు. నేను పిలవలేదనుకుంటావేమో, పిలిచినప్పుడల్లా 'ఆటలో కలుస్తూనే ఉన్నాంగా' అన్నావు. అది నాకూ నొప్పే. సరికి సరి, ఇద్దరం ఏడ్చాం, ఇక చాలు.

మొన్నటితో మూడు నెలలు నిండాయి. మా అమ్మీకి, అత్తమ్మకు, ఆయనకు తప్ప ఇంకెవరికీ తెలియదు. మా అక్కలకు కూడా ఇంకా చెప్పలేదు. ఈ పొద్దున అత్తమ్మే కాగితం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టి, "ఇంక రాయి. ముందు ఆ పిల్లకే రాయి" అంది. వచ్చే శుక్రవారం మధ్యాహ్నం నీ కోసం బిర్యానీ చేస్తుందట, తొందరగా వచ్చేయమంది. నిన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని నక్క మొహం ఎలా ఉంటుందో చూడాలట.

ఉత్తరం ఇక్కడిదాకా రాసి ఆమెకు చదివి వినిపించాను. 'బయటివాళ్ళలో మొదట నీకే చెప్తున్నాను' అని చివర ఒక వాక్యం రాశాను. అది వినగానే అత్తమ్మ నా చేతి మీద ఒక్కటి వేసింది.

"బయటి పిల్లేందే? కొట్టేయ్ ఆ మాట" అంది.

కొట్టేశాను, హుమ్మూ.

నీ,
ముబశ్శిరా.