మా ఆయనకు కప్పిన శాలువా

అయ్యా,

మాజీ సైనికుల సంక్షేమ అధికారి గారి సముఖమునకు, మిలిటరీ నర్సింగ్ సర్వీసులో ఇరవై రెండేళ్లు పనిచేసి రిటైరైన, నందిగామ నివాసి మేజర్ మహిమ వ్రాసుకొను అర్జీ.

విషయం: నేను సైనికుని భార్యను కాను, సైనికురాలిని అని నమోదు చేయుట గురించి.

1. గత నెల జగ్గయ్యపేటలో ఒక సంఘం వారు మాజీ సైనికులకు చెవి పరీక్షల శిబిరం పెట్టారు. రెండే వరుసలు: "సైనికులు", "సైనికుల భార్యలు". తోడు వచ్చిన మా వారు వరప్రసాదరావు గారిని మొదటి వరుసలోకి, నన్ను రెండో దానిలోకి పంపారు. ఆయన రిటైరైన తెలుగు మాస్టారు. "సైన్యంలో చేసింది నేనండి" అంటే, కార్యకర్త నవ్వి, "ఇంట్లో మీరే మేజరు లెండమ్మా" అన్నాడు. నేనూ నవ్వేశాను. అది నా మొదటి నేరం.

2. మా వారిని వేదిక ఎక్కించి శాలువా కప్పారు. అందరితోపాటు నేనూ చప్పట్లు కొట్టాను. డాక్టరు గారు ఆయన చెవులు చూసి, "ఫిరంగుల మోత దెబ్బేనండి" అని తేల్చారు. ఆయన జీవితంలో విన్న అతిపెద్ద మోత నా కేకలేనని మనవి.

3. నవ్వులాట ఇంతటితో ముగిసినది. ఆ చప్పట్ల మధ్యనే గేటు దగ్గర లూర్దమ్మ కనిపించింది. సరిహద్దు ఆసుపత్రిలో నా జూనియర్. హెలికాప్టర్ల పక్కన నిలబడి గాయపడ్డవాళ్లను దించి దించి కుడి చెవి పోగొట్టుకున్న మనిషి. బోర్డులు చదివి వెనుదిరిగింది. పిలిచాను, వినబడలేదు. లేచి వెళ్లవలసింది. ఫొటో తీస్తున్నారని కూర్చుండిపోయాను.

4. మర్నాడు కీసరలో ఆమె ఇంటికి వెళ్లాను. "ఎందుకు వెళ్లిపోయావే?" అని అడిగాను.

"రెండే బోర్డులున్నాయి మేడమ్. నాకు పెళ్లే కాలేదు. ఎవరి పెళ్లాన్నని నిలబడనండి?" అంది.

ఇంటికి రాగానే ఈ అర్జీ రాయడానికి కూర్చున్నాను.

కావున లూర్దమ్మకు పరీక్ష చేయించి, వినికిడి మిషను ఇప్పించవలెను. ఇకపై శిబిరాలలో మా వంటివారిని భర్త పేరు గాక సర్వీసు నంబరు అడుగునట్లు ఉత్తర్వులు ఇవ్వవలెను. దయతో చిత్తగించవలెనని, ఆ వెంటనే కదలవలెనని వేడుకొంటూ,

తమ విధేయురాలు,
మేజర్ మహిమ (రిటైర్డ్)

తా.క.: ఇది లూర్దమ్మకు చదివి వినిపించాను. "ఆ వేడుకోవడం ఎందుకండి మేడమ్, కొట్టేయండి" అంది. మళ్లీ రాసే ఓపిక లేదు, కొట్టేసినట్టే చదువుకోండి. సోమవారం పదింటికి ఇద్దరం వస్తున్నాం. ఆమెతో గట్టిగా మాట్లాడవలసి ఉంటుంది. మీ ఆఫీసంతా వినబడితే మరీ మంచిది.