రెండో సగం బ్లేడు

2023 నవంబర్ 19, ఆదివారం

ఇది ఎవరితోనూ చెప్పుకునేది కాదు. అందుకే రాస్తా ఉండాను.

అక్క శ్రీరక్ష కొడుక్కి పుట్టెంట్రుకలు తీయించేదానికి పొద్దున అందరమూ మా పక్కనే ఉండే బంగారు తిరుపతి గుడికి పోయినాము. ఆడ గుండ్లు కొట్టే ఆయన పేరు మునీంద్ర. మంచి చెయ్యి. బ్లేడును మధ్యకు విరిచి తలకు సగం వాడతాడు. పిల్లోడు ఏడుపు అందుకునేలోగా పని అయిపోయింది. అక్క ఊరికే ఉండక, ఇంగ మా తమ్మునికి కూడా కొట్టెయ్యప్పా అనింది. మునీంద్ర నా తలను ఒకసారి చూసినాడు. మిగిలిన సగం బ్లేడును కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. ఈయనది సామి ఎప్పుడో తీసుకునేసినాడు, బ్లేడెందుకు దండగ అన్నాడు.

అందరూ నవ్వినారు. అక్క నవ్వింది, బావ నవ్వినాడు, క్యూలో నిలబడినోళ్లు నవ్వినారు. అమ్మ కూడా నవ్వింది. పళ్లన్నీ కనిపించేట్టు నవ్వింది.

నాకు ముప్ఫై ఆరేండ్లు. దినామూ పనికి పోయే వైట్‌ఫీల్డు ట్రైన్లో నన్ను అనిరుద్ధ అని పిలిచేవాళ్లు లేరు. సైనైడ్ అంటారు. మా కేజీఎఫ్‌లో గనుల మట్టి పోసిన సైనైడ్ దిబ్బలుండాయి కదా, వాటిమీద గడ్డి పోచ కూడా మొలవదని. ఆరేండ్లుగా నేనూ వాళ్లతో కలిసి నవ్వుతా ఉండాను. ఇంగ చాలు.

నవంబర్ 20

తలకు జుట్టు నాటించుకుంటానని మధురకు చెప్పినాను. ఈ తలనే చూసి పెండ్లి చేసుకున్నాను, నాకేమీ తక్కువ కాలేదు అనింది. నీ మనసుకు కావాలంటే చేయించుకో, ఎవరో గుండు కొట్టేవాడు అన్నాడని మాత్రం వద్దు అనింది. ఎవరో గుండు కొట్టేవాడు అన్నాడనే అని చెప్పినాను. నిజం చెప్పినావు కాబట్టి సరే అనింది.

డిసెంబర్ 3

ఇందిరానగర్లో ఒక క్లినిక్కుకు పోయినాను. ఏసీ, కాఫీ, గోడ నిండా జుట్టు. డాక్టరు కనపడలే. కౌన్సెలర్ అని ఒక అమ్మాయి వచ్చి, ఐదువేల గ్రాఫ్టులు, అంటే ఐదువేల వేర్లు, పెడతాము సార్, ఈ రోజే బుక్ చేస్తే ఆఫర్ అనింది. సంతకం పెట్టేదానికి పెన్ను తీసినాను కూడా. నా పెన్నులో ఇంకు అయిపోయుండాది. ఆ అమ్మాయి పెన్ను తెచ్చేలోగా బయటికొచ్చి క్లెమెంట్‌కు ఫోన్ చేసినాను.

క్లెమెంట్ నా ట్రైన్ స్నేహితుడు. వాళ్ల తాత ఛాంపియన్ రీఫ్స్‌లో గనిలోకి దిగినాయన. వాడు రెండేండ్ల ముందు చేయించుకున్నాడు. ఫోన్లోనే తిట్టినాడు. రేయ్ మచ్చా, ఆఫర్ పెట్టేదానికి అదేమన్నా ఆషాఢం చీరనా అన్నాడు.

తర్వాత శాంతంగా చెప్పినాడు. వెనక ఉండే జుట్టే ముందుకు తేవాలి, కొత్తది పుట్టదు. వెనక ఎంత ఉండాదో కొలవకుండా ఐదువేలు అనేవాడి దగ్గర కూర్చోవద్దు. రంధ్రాలు ఎవరు చేస్తారో అడుగు, డాక్టరే చేస్తానంటేనే ఉండు. ఒకే మనిషి ఫోటో, ఏడాది తర్వాతది, అదే లైటులో చూపించమను. నెత్తి తడిపి మరీ చూపించమను.

స్నానం చేసి తల తుడుచుకున్నాను. వెనక టవలు పట్టుకుంటాది. ముందర జారిపోతాది. ఈ రోజే గమనించినాను.

2024 జనవరి 6

మల్లేశ్వరంలో ఒక చిన్న క్లినిక్. కాఫీ ఇయ్యలే. డాక్టరమ్మే వచ్చి లెన్సు పెట్టి వెనక అరగంట చూసింది. రెండువేల మూడొందలకు మించి తీయను, నీకు అరవై ఏండ్లప్పుడు కూడా వెనక జుట్టు ఉండాల కదా అనింది. నుదుటి మీద హెయిర్‌లైన్ గీసింది. కొంచెం కిందకు దించమని అడిగినాను. నువ్వేమన్నా హీరోవా అన్నట్టు చూసింది. నచ్చింది.

ఫిబ్రవరి 10

అయిపోయింది. ఎనిమిది గంటలు. నొప్పంతా మొదటి ఇంజెక్షన్లదే, తర్వాత ఏమీ తెలియలే. నా తల వెనక కూర్చుని ఇద్దరు టెక్నీషియన్లు మధ్యాన్నం చిత్రాన్నం గురించి మాట్లాడుకున్నారు. నాకు ఆకలైంది.

ఫిబ్రవరి 11

సగం కూర్చున్నట్టే పడుకోవాలంట. మూడు దిండ్లు. గంటకోసారి సెలైన్ స్ప్రే. తల వంచకూడదు, గోకకూడదు, ఎవరూ ముట్టుకోకూడదు.

పొద్దున అమ్మ గిన్నెలో ఆముదం వెచ్చబెట్టుకోని వచ్చింది. ముప్ఫై ఏండ్లు కన్నడ టీచరుగా చేసిన మనిషి, ఎవరి మాటా వినదు. సుమ్మనే, ఊరికే ఒక చుక్క అప్పా, వేర్లకు చల్వ అంటా నెత్తి మీదికి చెయ్యి తెచ్చింది. మధుర చపాతీ కర్రతో అడ్డం నిలబడింది. అత్తా, మీరు ఆ గిన్నె కింద పెట్టండి అనింది. పెట్టింది. నా పెండ్లాం అత్తకు ఎదురు చెప్పినది ఇదే మొదలు.

ఫిబ్రవరి 13

వాపు కిందికి జారింది. నుదురు నుంచి కండ్లమీదికి. కన్ను తెరిస్తే గీత మాదిరి కనిపిస్తాది. ఇది మామూలే, నాలుగు దినాలుంటాది అని క్లెమెంట్ ముందే చెప్పినాడు. ఐసు నుదుటికే, పైకి తగలనీకూడదు. చెప్పకపోయింటే చచ్చిపోతా ఉండానని అనుకునేవాణ్ణి.

ఫిబ్రవరి 21

నాటిన చోట కట్టిన పొట్టులన్నీ రాలిపోయినాయి. కింద చిన్న చిన్న వెంట్రుకలు, వరుసగా. అద్దం ముందర ఇరవై నిమిషాలు నిలబడినాను. మధుర తలుపు తట్టింది.

మార్చి 4

రాలిపోతా ఉండాది.

రాలుతాదని డాక్టరమ్మ చెప్పింది. క్లెమెంట్ చెప్పినాడు. షాక్ లాస్ అంటారు, వెంట్రుక పోయినా వేరు ఉంటాది, మూడు నెల్లు ఓర్చుకో అని కాగితంలో రాసిచ్చినారు. ఆ కాగితం చదువుతానే దిండు దులిపినాను. దిండు మీద నల్లగా.

అమ్మ వాకిట్లో నుంచి చూసింది. పూజగదిలోకి పోయి తలుపు వేసుకునింది. మధ్యాన్నం అన్నానికి కూడా రాలే. నామీద జాలి పడతా ఉండాదని కోపం వచ్చింది. జాలి పడేదానికి నేనేమన్నా చిన్న పిల్లోణ్ణా.

మార్చి 19

పాత తలే.

ఏప్రిల్ 30

పాతదానికంటే హీనం. వెనక కోసిన చోట తిమ్మిరి పోలే. ముందర ఎర్రగా మొటిమలు. ట్రైన్లో శశికుమార్, నాకు సైనైడ్ అని పేరు పెట్టినోడు, దిబ్బ మీద మొక్కలు నాటితే ఎండిపోయినాయంట కదా అని మాలూరు దాంకా నవ్వించినాడు. క్లెమెంట్ ఒక్కడే నవ్వలే. మాలూరు దాటినాక నా పక్కన కూర్చుని, నాలుగో నెల్లో అద్దం చూడొద్దు, ఐదో నెల్లో చూడు అన్నాడు. అద్దం మీద మధుర చున్నీ కట్టి పెట్టినాను.

జూన్ 16

చున్నీ తీసినాను.

ఉండాయి. సన్నగా, పీచు మాదిరి, వంకర టింకరగా. కానీ ఉండాయి! లెక్క పెట్టేదానికి కూర్చున్నాను, రెండొందల దగ్గర తప్పిపోయింది. మధురను పిలిచి చూపించినాను. టార్చ్ వేసి చూసింది. నెత్తి ముందర ఊదింది. కదిలినాయి. ఇద్దరమూ నవ్వినాము. ఎంతసేపు నవ్వినామంటే అమ్మ వచ్చి ఏమైందని అడిగింది. ఆమెకు కూడా చూపించినాను. అద్దాలు పెట్టుకోని చూసి, చేతులు జోడించింది. నాకు కాదు, ఎక్కడికో జోడించింది. అప్పుడు అర్థం కాలే.

సెప్టెంబర్ 8

దువ్వెన కొన్నాను. రాబర్ట్‌సన్‌పేటలో అంగడాయన ఎలాంటిది కావాలి అన్నాడు. పెద్ద పళ్లది అన్నాను. ఆ మాట నా నోటినుంచి రావడం జీవితంలో మొదటిసారి.

డిసెంబర్ 22

బంగారుపేట ప్లాట్‌ఫారంలో గాలి. జుట్టు కండ్లలో పడింది. శశికుమార్ చూస్తా ఉన్నాడు. కావాలనే సర్దుకోలే.

2025 జనవరి 12

కోపంతో గది తలుపు వేసుకుని రాస్తా ఉండాను.

పొద్దున టిఫినప్పుడు అమ్మ సుమ్మనే చెప్పింది. వచ్చే నెలకు ఏడాది అవుతాది కదప్పా, బంగారు తిరుపతికి పోయొద్దాము, గుండు కొట్టించేదుండాది అని. ఎవరికి అంటే, నీకే అనింది. పోయిన మార్చిలో దిండు మీద జుట్టు చూసిన రోజు మొక్కుకునిందంట. జుట్టు వచ్చేట్టు చెయ్యి సామీ, వచ్చినదంతా నీకే తెచ్చిస్తాను అని.

జుట్టు రావాలని, వస్తే ఆ జుట్టే ఇస్తానని! ఇట్లాంటి మొక్కు లోకంలో ఎవరన్నా మొక్కుకుంటారా? నా తల నీ ఆస్తా అని అరిచినాను. ప్లేటు తోసేసి లేచి వచ్చినాను. ఈ పదకొండు నెల్లు ఒక్కొక్క వెంట్రుకను నేను కండ్లలో పెట్టుకుని చూసుకున్నాను.

జనవరి 13

డాక్టరమ్మకు ఫోన్ చేసినాను. పడీపడీ నవ్వింది. ఏడాది నిండినాక కొట్టించుకో, ఏమీ కాదు, వెనక జుట్టు ఎట్ల పెరుగుతాదో ముందరిది కూడా అట్లనే పెరుగుతాది అనింది. క్లెమెంట్ కూడా అదే అన్నాడు. వాళ్లమ్మ వేళాంగణ్ణి మాతకు మొక్కుకునిందేమో కనుక్కుంటానని కూడా అన్నాడు.

అంతా తెలుసు. అయినా భయం. మళ్లా రాకపోతే?

జనవరి 18

అమ్మతో మాట్లాడి వారమైంది.

మధుర ఈ పొద్దు ఒక మాట చెప్పింది. అమ్మ నాకు బదులు తన తలనీలాలు ఇస్తానని నిర్ణయం చేసుకునిందంట. అరవై ఏడేండ్లు. జడ నడుము దాంకా ఉంటాది. స్కూల్లో పిల్లోళ్లు ఆమె పేరు మర్చిపోయినా జడ టీచరని గుర్తు పెట్టుకున్నారు. అక్కకు ఫోన్ చేసి కారు కూడా మాట్లాడమనిందంట.

ఇంకో మాట కూడా అనిందంట. ఆ రోజు గుండ్ల దగ్గర నేను నవ్వినాను, కన్నబిడ్డ మీద నవ్వినాను, వాడి మొహం చూసినాక ఎంత ఆపుకున్నా నవ్వు ఆగలే, అందుకే నాటిన జుట్టు రాలిపోయిందేమో అని.

జనవరి 19

అమ్మ వాకిట్లో కూర్చుని తల దువ్వుకుంటా ఉన్నాది. పక్కన కూర్చున్నాను. దువ్వెన ఆమె చేతిలోంచి తీసుకోని చెప్పినాను.

"నీ జడ జోలికి పోవద్దు. నేనే వస్తాను."

నా తల నిమిరింది. మొదట ముందర, తర్వాత వెనక. మళ్లా వస్తాది అప్పా, ఇప్పుడు వేర్లుండాయి కదా అనింది. క్లినిక్కు కాగితం ఒక్కటీ చదవని మనిషికి నాకంటే ఎక్కువ నమ్మకం.

ఫిబ్రవరి 16, ఆదివారం

అదే చోటు. అదే మునీంద్ర. నన్ను గుర్తు పట్టలే. ఎట్ల గుర్తు పడతాడు?

తల వంచి నీళ్లు పోసినాడు. బ్లేడు మధ్యకు విరిచి సగం కత్తికి తొడిగినాడు, సగం కాగితంలో పెట్టినాడు. కండ్లు మూసుకున్నాను. నడినెత్తి నుంచి ముందరికి లాగినాడు. గరగరమని శబ్దం వచ్చింది. ఆ శబ్దం నాకు తెలియదు. ముప్ఫై ఏండ్లకు ముందు ఎప్పుడో విన్నదేమో. ఒళ్లో నల్లగా పడతా ఉండాది, పడతానే ఉండాది. దుఃఖం వస్తాదని అనుకున్నాను. రాలే. ఇంతుండిందా, ఇంత మోసుకోని తిరుగుతా ఉన్నానా అని ఆశ్చర్యంగా ఉన్నాది.

చెవి పక్కకు వచ్చేసరికి ఆగినాడు. బ్లేడు తీసి డబ్బాలో పారేసినాడు. కాగితం విప్పి రెండో సగం తీసినాడు.

ఏమైందప్పా అని అడిగినాను.

"జుట్టు దట్టం సామీ. సగం బ్లేడు చాలలే."

నాకు నవ్వు వచ్చింది. తల కదలొద్దు అని గదిమినాడు. కదలకుండా, కండ్లలో నీళ్లు కారుతా, నవ్వినాను. ఇప్పుడు ఎవడూ నామీద నవ్వడం లేదు. నేనొక్కడినే నవ్వుతా ఉండాను.

అమ్మ ఆ మాట వినింది. దగ్గరికొచ్చి, ఎన్ని సగాలు పట్టినాయి అని మునీంద్రను అడిగింది. రెండు అన్నాడు. మళ్లా అడిగింది, గట్టిగా, క్యూలో అందరికీ వినపడేట్టు. దిగేటప్పుడు మెట్ల మీద పూలమ్మే ఆమెకు చెప్పింది. కారు డ్రైవరుకు చెప్పింది. ఇంటికొచ్చినాక పక్కింటి గురువమ్మను పిలిచి మరీ చెప్పింది. మావాడికి పూర్తి బ్లేడు పట్టిందమ్మా అని.

ఫిబ్రవరి 17

ట్రైన్ ఎక్కుతానే శశికుమార్ సైనైడ్ అని నోరు తెరిచినాడు. తల తిప్పి చూపించినాను. వెనక ఎంత నల్లగా ఉండాదో ముందర అంతే నల్లగా ఉండాది. నుదుటి మీద డాక్టరమ్మ గీసిన గీత స్పష్టంగా. నోరు మూసుకున్నాడు.

వైట్‌ఫీల్డులో దిగేటప్పుడు చెవి దగ్గరికొచ్చి డాక్టరు నంబరు అడిగినాడు. టోపీ తీసి చూపించినాడు. పాపం, వాడి జుట్టూ వెనక్కి పోతా ఉండాది. నంబరు ఇచ్చినాను. ఆఫరు పెట్టేవాళ్ల దగ్గరికి పోవద్దన్నాను. మూడు దిండ్లు సిద్ధం చేసుకో, ఆముదం దాచిపెట్టు, రాలినప్పుడు ఏడవొద్దు, నాలుగో నెల్లో అద్దం చూడొద్దు అన్నాను. అన్నిటికంటే ముందు, మీ అమ్మ ఏం మొక్కుకునిందో కనుక్కో అన్నాను.

ఫిబ్రవరి 21, పొద్దున 5:50

తల తుడుచుకుంటా ఉంటే టవలు ముందర కూడా పట్టుకునింది.