కెమెరా కంటే ముందు డబ్బా

మమ్మీ, సింకు పక్కన గిన్నెలో ఉన్న నల్ల రబ్బరు కుక్కర్‌ది కాదు, నా వాటర్‌ప్రూఫ్ కెమెరా డబ్బాకి స్పేర్‌ది. కుక్కర్ మూతకి పెట్టకు, సబ్బుతో అసలు కడక్కు. రుబ్బురోలు పొత్రం నీళ్ల డ్రమ్ములో ఉంది, డబ్బా తేలకుండా పైన పెట్టా, తీసే టైం లేదు.

ఫ్రిజ్‌కి అంటించిన టిష్యూ పారెయ్యకు. బెన్ని అన్నయ్యకి చూపించు. రెండు గంటలు డబ్బాలో పెట్టి డ్రమ్ములో ముంచా, చుక్క తడవలేదు! కెమెరా లేకుండానే డబ్బా కొన్నానని, కారు కొనకుండా షెడ్డు కట్టుకుందంటూ పది రోజుల నుంచి ఏడిపిస్తున్నాడుగా. నువ్వూ నవ్వావు, చూసా.

నీళ్లలో ఫోటోలు తియ్యాలంటే ముందు చూసుకోవాల్సింది డబ్బానే. కొత్త మోడల్ కెమెరాకైతే డబ్బా రేటే కెమెరాని మించిపోతుంది. అందుకే పాత డబ్బా దొరికాకే దాన్లో పట్టే డీఎస్ఎల్ఆర్ వెతికా. విజయవాడలో ఒకాయన అమ్ముతున్నాడు. డబ్బా కారితే వద్దని చెప్పేద్దామనుకున్నా. కారలేదుగా, పదింటి బస్సుకి పేట బస్టాండుకి పరిగెత్తుతున్నా. సాయంత్రానికి కెమెరాతోనే వస్తా.

కెజియా

ఇంకోటి. ఆదివారం చర్చి అయ్యాక అందరం వేదాద్రి రేవుకి వెళ్దాం. ఎప్పుడూ మా తువ్వాళ్లు పట్టుకుని పై మెట్టు మీదే కూర్చుంటావు. ఈసారి కిందికొచ్చి కాళ్లు నీళ్లలో పెట్టు. నీళ్లలో నా మొదటి ఫోటో అవే. మడమలు పగిలాయని వంక పెట్టకు.